చిన్న పాఠశాలలో ప్రథమ చికిత్స



ఈ దినము నేను మీతో ముచ్చటింపదలచిన విషయము పైకి చిన్నదిగా కనబడును. ఇద్దరు ముగ్గురు ఉపాధ్యాయులును, ఏబది అరువదిమంది పిల్లలును గల పల్లెబడిలో ఒక బిడ్డకు హఠాత్తుగా ఆపద కలిగినపుడు, వైద్యుని చేరువరకు చేయదగిన పని యేది, ఆ పనికి బాధ్యులెవరు అనునదే ఆ విషయము. నేను వ్యాకరణమును కావ్యములును చదివినవాడనే కాని వైద్యము చదివినవాడను గాను. గోదావరికి ఇరుప్రక్కల, పూర్వపు కరీంనగరు, ఆదిలాబాదు జిల్లాల పల్లెలలో ముప్పదేండ్లకు పైగా బడి చెప్పి విశ్రాంతి గైకొన్నవాడను. ఆ రెండు జిల్లాలును 2016 అక్టోబరులో విభజింపబడి పెక్కు జిల్లాలైనవి గాని, వాగులు, అడవులు, ఎండలు, పాములు మాత్రము విభజింపబడలేదు. కావున పాతపేరులతోనే మాటాడుచున్నాను.

ముందుగా నా తప్పొకటి చెప్పుకొందును. అది 1996వ సంవత్సరము, శ్రావణమాసము. నాలుగవ తరగతి బాలుడొకడు ఉదయముననే నాయొద్దకు వచ్చి, "సారూ, కడుపు నొస్తాంది" అనెను. ఆ దినము ఎక్కములు అప్పగింపవలసియుండెను. వీడు ఎక్కములు రాక కడుపునొప్పి తెచ్చుకొన్నాడని తలచి, మూల కూర్చుండుమంటిని. కొంతసేపటికి వాని కనురెప్పలు వాలజొచ్చెను. నిద్రమత్తని యెంచి నేనే గద్దించితిని. బడి యూడ్చు ముసలమ్మ వానిని చూచి, "సారూ, పోరడు నిద్రపోతలేడు. కండ్లు తెరువరాక గోసపడుతున్నడు. రాత్రి యాడ పండిండో అడుగున్రి" అనెను. నేలమీద పండుకొన్నానని వాడు ముద్దమాటలతో చెప్పెను. దేహమున కాటుగుర్తు ఎచ్చటను కానరాలేదు. ఒక రైతు ట్రాక్టరు కట్టగా 18 కిలోమీటర్లు పోయి ఆసుపత్రి చేరితిమి. వైద్యుడు చూచినంతనే కట్లపాము కాటనెను. విషమునకు విరుగుడు మందెక్కించి, రాత్రియంతయు ఊపిరి సంచితో శ్వాస నందించి వానిని బ్రదికించిరి. ఆ ముసలమ్మ ఆనాడు బడికి రాకయుండినచో ఏమి జరిగియుండునో తలచుకొన్న నేటికిని నా దేహము కంపించును. చదువు వచ్చినవాడను నేను. బిడ్డను చూడవచ్చినది ఆమె.

ఇట్టి ఆపద గడచిపోయిన కాలపుముచ్చట గాదు. 2024 జూలై చివరనొకడు, ఆగస్టు మొదటి పక్షమున మరియొకడు, జగిత్యాల జిల్లా మెట్‌పల్లి మండలమునందలి పెద్దాపూరు గురుకులమున ఇద్దరు బాలురు మరణించిరి. పాముకాటే కారణమేమోయను అనుమానము నాడు కలిగెను. కట్లపాము రాత్రివేళ, నేలమీద నిద్రించువారిని కరచును. దాని కోరలు మిక్కిలి సన్నములు; నొప్పియుండదు, వాపుండదు, గుర్తును కనబడకపోవచ్చును. తెల్లవారుజామున కడుపునొప్పి, వాంతి, పిమ్మట రెప్పలు వాలుట, మాట ముద్దగుట, మింగలేకపోవుట, కడపట ఊపిరి యాడకపోవుట, ఇది దాని వరుస. కావున మొదటి సూత్రమును మనసున నిలుపుడు: వానకాలమున నేలమీద నిద్రించిన బిడ్డ ఉదయముననే కడుపునొప్పి యన్నచో, బొంకుచున్నాడని యెంచక కండ్లవైపు చూడవలయును. మంచముమీద పరుండబెట్టి, దోమతెర అంచులను పరుపుక్రిందికి మడిచినచో ఈ కాటు చాలవరకు తప్పిపోవును.

పాము కరచినదని తెలిసినపుడేమి చేయవలయును? ఇచ్చట నేనొక పాతమాటను విడువవలసివచ్చెను. సుశ్రుతసంహిత కల్పస్థానమున, కాటునకు నాలుగంగుళముల పైన కట్టు కట్టవలెనని చెప్పబడినది. మా తాతలు అట్లే చేసిరి, నేనును పిల్లలకట్లే బోధించితిని. కాని బిగుతుకట్టువలన రక్తము నిలిచిపోయి అవయవము చెడుననియు, కట్టు విప్పినంతనే విషము ఒక్కపెట్టున పైకి వ్యాపింపవచ్చుననియు నేటి వైద్యులు అనుభవముచే నిర్ణయించిరి. కోయుట, పీల్చుట, నిప్పుతో కాల్చుట, పసరు పోయుట కూడ హానికరములే. శాస్త్రమును గౌరవించుటయనగా దాని తరువాత తెలిసినదానిని కాదనుట గాదు.

చేయవలసినది ఇంతియే. బిడ్డకు ధైర్యము చెప్పవలయును. కడియము, ఉంగరము, చేతిత్రాడు తీసివేయవలయును. కరచిన కాలుసేతులను కదలకుండ కఱ్ఱబద్దకు మెత్తగా కట్టవలయును. నడిపింపక మోసికొనిపోవలయును. వాంతియగుచున్నచో ఒక ప్రక్కకు త్రిప్పి పరుండబెట్టవలయును. కరచిన గడియను కాగితముపై వ్రాయవలయును. పామును వెదకి చంపి కాలము వ్యర్థము చేయరాదు. ఏలయన మనదేశమున నిచ్చెడి విరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర, ఈ నాలుగింటికిని ఒక్కటియే. పాముకాటును ప్రపంచ ఆరోగ్యసంస్థ 2017లో నిర్లక్ష్యమునకు గురియైన వ్యాధుల పట్టికలో చేర్చినది. ఈ మరణములను 2030 నాటికి సగము చేయు సంకల్పముతో భారతప్రభుత్వము 2024లో ఒక కార్యప్రణాళికను ప్రకటించినది. ఆ ప్రణాళిక పల్లెలో నెరవేరవలెనన్నచో బిడ్డ మొదట ఆసుపత్రికే పోవలయును.

మంత్రమునందు విశ్వాసము గలవారు మీలో నుందురు. వారితో వాదింపను. మంత్రము చదువువారిని బండిలో కూర్చుండబెట్టుకొనిపొండు. ఆయన పని ఆయన దారిలో చేసికొనవచ్చును. బండి మాత్రము నిలువరాదు.

ఇక కుక్కకాటు. పసుపు, కారము, సున్నము పూయుట మన పల్లెలందింకను కలదు. అవి మానవలయును. గాయమును పారెడు నీటిక్రింద సబ్బుతో పదునైదు నిమిషములు కడుగవలయును. గడియారము చూచి కడుగుడు. ఆ పదునైదు నిమిషములు మనము తలచినదానికంటె దీర్ఘములు. అటుపిమ్మట నాడే ఆసుపత్రికి పోయి, వైద్యుడు చెప్పిన తేదీలన్నిటను టీకా వేయింపవలయును. రక్తము వచ్చిన గాయమైనచో టీకాతోబాటు ప్రతిరక్షక సీరము కూడ అవసరమగును. పాస్టరు పండితుడు 1885లో తొమ్మిదేండ్ల బాలుని కీ టీకా మొదట వేసెను. మనదేశమున 1907 నుండి కూనూరులో పాస్టరు సంస్థ పనిచేయుచున్నది. అయినను, రోగలక్షణములు కనబడినపిదప దాదాపు ఎవరిని బ్రదికింపలేము. రెండు సూదులు వేయించి, గాయము మానినదని మూడవదానిని మానుకొనుట ప్రాణములతో బేరమాడుటయే.

మూడవది వంటయింటి ఆపద. మధ్యాహ్న భోజనము వచ్చినప్పటినుండి బడిలో పొయ్యియు వచ్చినది. వేడిగంజి పడినచో ఇరువది నిమిషములు చల్లని మామూలునీరు పోయవలయును. సిరా, నేయి, పండ్లపొడి ముద్ద, మంచుగడ్డ, ఇవి యేవియు తగవు. బొబ్బను చిదుపరాదు, శుభ్రమైన గుడ్డ వదులుగా కప్పి తీసికొనిపోవలయును. ఆహారము వికటించిన సందర్భమందు మరింత మెలకువ వలయును. 2024 అక్టోబరు మాసాంతమున ఆసిఫాబాదు జిల్లా వాంకిడి గిరిజన బాలికల ఆశ్రమపాఠశాలలో అనేకమంది బాలికలు అస్వస్థులైరి. వారిలో ఒక బాలిక నవంబరు 25న హైదరాబాదున మరణించెను. ఒకే పూట ఇద్దరు ముగ్గురు పిల్లలకు వాంతులైనచో వడ్డనను ఆపవలయును, వండిన పదార్థములను పారవేయక కొంత దాచియుంచవలయును, ఎవరికి ఎప్పుడు మొదలైనదో వ్రాయవలయును, వెంటనే వైద్యులకు తెలుపవలయును. బడికి అపకీర్తి వచ్చునని దాచుటకంటె పాపము లేదు.

వాంతి విరేచనములకు ఉప్పు చక్కెర నీరు పరమౌషధము. 1971లో బంగ్లాదేశ యుద్ధశరణార్థులకు బన్‌గాఁవ్ శిబిరమున కలరా తగులగా, వైద్యుడు దిలీప్ మహలనబీస్ ఈ విధమైన నీటినే త్రాగించి అనేకుల ప్రాణములు నిలిపెను. పొట్లము లభింపనిచో, కాచి చల్లార్చిన ఒక లీటరు నీటిలో తలగొట్టిన ఆరు చిన్నచెంచాల చక్కెరయు, అరచెంచా ఉప్పును కలుపుడు. కొలత తప్పరాదు, ఉప్పు హెచ్చినచో మేలునకు బదులు కీడగును.

ఎండదెబ్బ నాలుగవది. రామగుండము, మంచిర్యాల ప్రాంతములలో వైశాఖ జ్యేష్ఠములందు వేడిమి 45 డిగ్రీలు దాటుట కలదు. బిడ్డ దేహము కాలుచు మాట తడబడినచో నీడకు చేర్చి, దుస్తులు వదులుచేసి, ఒడలెల్ల తడిపి విసరవలయును. తెలివి తప్పినవానికి నోట నీరు పోయరాదు. మూర్ఛ వచ్చినవాని చేతిలో తాళపుచెవి పెట్టుట, పండ్లమధ్య చెంచా దూర్చుట నిరుపయోగములు, అపాయకరములు. తలక్రింద మెత్తగా నేదైన నుంచి, ప్రక్కకు త్రిప్పి, కాలము చూడవలయును. అయిదు నిమిషములకు పైబడినచో ఆంబులెన్సును పిలువవలయును.

ఇందుకు కావలసిన సామగ్రి స్వల్పము. ఒక మూతపెట్టె, అందు సబ్బు, దూది, జాలుగుడ్డ, చుట్టుపట్టీలు, కత్తెర, చేతితొడుగులు, జ్వరమాపకము, ఉప్పు చక్కెర పొట్లములు, చేతిదీపము, రెండు కఱ్ఱబద్దలు. గజము చదరపు గుడ్డను మూలనుండి మూలకు కత్తిరించినచో రెండు ముక్కోణపు కట్లు సిద్ధమగును; విరిగిన చేతిని మెడకు వ్రేలగట్టుటకు ఇంతకంటె మేలైనది లేదు. మాత్రలు మాత్రము వైద్యుని అనుమతి లేక పెట్టరాదు. పెట్టెకు తాళము వేయరాదు. తాళము వేసి తాళపుచెవితో ఇంటికి పోయిన పంతులు కథలు నేనెఱుగుదును. ఆ పంతులొకప్పుడు నేనే.

ఇక బాధ్యతల పంపకము. అందరి పని యన్నది ఎవరి పనియు గాదు గదా. ప్రధానోపాధ్యాయుడు పిల్లల తలిదండ్రుల ఫోను నంబరులను, మూర్ఛ ఉబ్బసము గల పిల్లల పేరులను పుస్తకమున వ్రాసియుంచవలయును. ఒక ఉపాధ్యాయుడు పెట్టెకు బాధ్యుడై నెలకొకసారి తనిఖీ చేయవలయును. ఆయన సెలవుదినమున ఎవరో ముందే నిర్ణయింపవలయును. ఆపద వేళ ఒకరు బిడ్డయొద్ద నుండగా, ఒకరు ఫోను చేయవలయును, ఒకరు తక్కిన పిల్లలను దూరముగా కూర్చుండబెట్టవలయును. ఒంటరి పంతులున్న బడిలో అయిదవ తరగతి పిల్లలకే ఈ పనులు నేర్పవలయును. వారు మనకంటె త్వరగా నేర్తురు.

భాష కూడ చికిత్సలో భాగమే. 1943లో హైమెన్‌డార్ఫ్ పండితుని ప్రేరణచే మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణము మొదలైనపుడు, గోండీలోనే వాచకములు సిద్ధము చేసిరి. ఆ యుక్తి ఇచ్చటను వర్తించును. గోండు, కోలాము బిడ్డ బాధలో తెలుగు మరచును. నొప్పి, కాటు, తల తిరుగుట, ఊపిరి, ఈ మాటలను వాని భాషలో పంతులు నేర్చియుండవలయును.

పెద్దలారా, మీ వంతు మిగిలినది. 108 వాహనములు 2005 ఆగస్టు 15న మొదలై నేడు పల్లెలకును వచ్చుచున్నవి. కాని వాగు పొంగినపుడు వాహనము ఆవలిగట్టుననే నిలుచును. వానలకు ముందే మీరు కూర్చుండి, ఏ వాగు పొంగినచో ఏ దారిన పోవలయును, ట్రాక్టరు ఎవరిది, రాత్రివేళ తోలువారెవరు, పాముమందు గల దగ్గరి ఆసుపత్రి యేది అని నిశ్చయించి, బడిగోడమీద పెద్ద అక్షరములతో వ్రాయింపుడు. బడిచుట్టు పొదలు కొట్టించుట, గోడరంధ్రములు పూడ్పించుట, బావికి గట్టుగోడ కట్టించుట పంచాయతీ పనులు. మరియొకటి: ఆపద జరిగినపుడు ముందు పంతులును నిలదీయకుడు. నిందకు భయపడినవాడు దాచును. దాచినకొలది కాలము మించును. బిడ్డ ఆసుపత్రి చేరినపిదప విచారణ చేయుడు, అపుడు కఠినముగానే చేయుడు.

ఆ కట్లపాము కరచిన బాలుడు నేడు బిడ్డల తండ్రి. కనబడినపుడెల్ల, "సారూ, ఎక్కాలు ఇప్పటికీ రావు" అని నవ్వును. ఎక్కములు రాకున్నను వాడున్నాడు, నాకదియే చాలును. మీ ఊరిబడిలో పెట్టె యున్నదో లేదో, ఉన్నచో దానికి తాళమున్నదో, రేపు ఉదయము ఒకసారి పోయి చూడుడు.

సెలవు.