ఈల మోగకముందే పరుగు తీసే గుండె

మా బడి మైదానంలో పరుగు పందెం జరిగిన రోజున నేనొక చిన్న పని చేస్తుంటాను. గీత మీద నిలబడిన పిల్లల్లో ఒకడి మణికట్టు పట్టుకుని నాడి చూస్తాను. తరగతిలో కూర్చున్నప్పుడు నిమిషానికి 80 సార్లు కొట్టుకున్న నాడి, ఈల ఇంకా మోగకుండానే 100 దాటి ఉంటుంది. కాలు కదలలేదు, కండరానికి అదనంగా ప్రాణవాయువు అవసరమే పడలేదు. మరి గుండెకు ఎవరు కబురు చెప్పినట్టు?

పరుగెత్తితే గుండె ఎందుకు వేగంగా కొట్టుకుంటుందని అడిగితే, "ఒంటికి ఎక్కువ గాలి కావాలి కాబట్టి సార్" అంటారు పిల్లలు. అది సగం జవాబే. 1913లో డెన్మార్క్ శాస్త్రజ్ఞులు క్రోగ్, లిండ్‌హార్డ్ మనుషుల చేత సైకిలు లాంటి యంత్రం తొక్కించి పరిశీలించారు. తొక్కడం మొదలైన క్షణంలోనే నాడి, శ్వాస రెండూ పెరిగాయి. కాళ్ళలో తయారైన బొగ్గుపులుసు వాయువు రక్తంలో కలిసి మెదడు దాకా చేరేంత వ్యవధి కూడా లేదు. కాళ్ళను కదలమని ఆజ్ఞాపించే మెదడే అదే సమయంలో గుండెకూ, ఊపిరికీ కబురు పంపుతోందని వారు భావించారు.

గుండెకు తనదంటూ ఒక వేగం ఉంది. నాడుల ప్రమేయం లేకుండా వదిలేస్తే నిమిషానికి సుమారు 100 సార్లు కొట్టుకుంటుంది. విశ్రాంతిలో దాన్ని 70 దగ్గర పట్టి ఉంచేది, మెదడు అడుగున ఉన్న మజ్జాముఖం నుంచి దిగివచ్చే వేగస్ నాడి. దాన్ని గుర్రానికి కళ్ళెం అనుకోండి. పని మొదలవగానే మెదడు ముందుగా ఆ కళ్ళెం సడలిస్తుంది. అందుకే ఒకటి రెండు స్పందనల్లోనే వేగం మారిపోతుంది. శ్రమ పెరిగే కొద్దీ మరో రకం నాడులు, ఎడ్రినలిన్ తోడై గుండెను అదిలిస్తాయి. విశ్రాంతిలో నిమిషానికి 5 లీటర్ల రక్తం తోడే గుండె, ఆరోగ్యవంతుడైన యువకుడు శక్తికొద్దీ పరుగెత్తేటప్పుడు 20 లీటర్లు తోడగలదు. పొట్టకు, మూత్రపిండాలకు వెళ్ళే రక్తం తగ్గి కండరాలకు మళ్ళుతుంది. దావత్‌లో కడుపు నిండా తిన్నవాడు పరుగెత్తలేకపోవడానికి ఇదొక కారణం.

పైనుంచి ఆజ్ఞ వస్తే చాలదు, కిందినుంచి సమాచారమూ అందాలి. ఈ సంగతి చక్కగా తేలింది కైరోలో. 1937లో అక్కడ ఆలం, స్మర్క్ అనే ఇద్దరు పరిశోధకులు, మనిషి కాలికి పట్టీ బిగించి రక్త ప్రవాహం ఆపి, పిక్క కండరాలతో పని చేయించారు. రక్తపోటు పెరిగింది. పని ఆపించారు, పట్టీ మాత్రం విప్పలేదు. రక్తపోటు దిగలేదు! పట్టీ వదిలాకే దిగింది. కండరంలో చిక్కుకుపోయిన పదార్థాలు నాడుల ద్వారా మెదడుకు మొర పెట్టుకుంటున్నాయన్న మాట.

ఊపిరి సంగతి ఇంకా విచిత్రం. మెడకు రెండు వైపులా ధమని చీలే చోట బియ్యపు గింజంత కణజాలం ఉండి, రక్తంలోని వాయువుల పాళ్ళను కనిపెట్టి చూస్తుంటుంది. దీనికి సంబంధించిన పరిశోధనకే బెల్జియం శాస్త్రజ్ఞుడు హేమన్స్‌కు 1938 నోబెల్ బహుమతి దక్కింది. అయితే చురుగ్గా నడిచేటప్పుడు ధమనుల రక్తంలో ఆ వాయువుల పాళ్ళు దాదాపు మారవు. ఊపిరి మాత్రం ఎంత కావాలో అంతే పెరుగుతుంది. లోటు ఏర్పడకముందే సర్దుబాటు జరిగిపోతోంది. ఎలాగన్న దానిపై శాస్త్రజ్ఞులు ఈనాటికీ వాదించుకుంటూనే ఉన్నారు.

మన హకీములు నబ్జ్ చూసి చెప్పేవారు. మితమైన వ్యాయామంలో నాడి నిండుగా, బలంగా ఉంటుందనీ, మితిమీరితే చిన్నదై బలహీనపడుతుందనీ ఇబ్నె సీనా సుమారు వెయ్యేళ్ళ క్రితమే రాశారు. ఆయన దగ్గర యంత్రాలు లేవు, వేళ్ళు ఉన్నాయి.

ఇంతగా ఎందుకు చెబుతున్నానంటే, ఈ కబుర్లు మోసే నాడులనే తినేసే వ్యాధి మన ఇళ్ళలో మామూలైపోయింది. అది షుగరు. మా భాయీజాన్‌కు ఇరవై ఏళ్ళుగా ఉంది. ఒకరోజు మేడమెట్లు ఎక్కుతూ ఆయాసంతో కూర్చుండిపోయారు. ఛాతీలో నొప్పి లేదు. "వయసు మీద పడింది, అంతే" అన్నారు. మేమూ అలాగే అనుకుని ఒక పగలూ రాత్రీ ఊరుకున్నాం. మరునాడు ఇ.సి.జి. తీస్తే గుండెపోటు అని తేలింది. షుగరు చాలాకాలం ఉండి నాడులు దెబ్బతింటే గుండె నొప్పి తెలియకపోవచ్చు. విశ్రాంతిలోనూ నాడి వేగంగానే ఉంటుంది, శ్రమలో పెరగాల్సినంత పెరగదు. లేచి నిలబడగానే కళ్ళు తిరగవచ్చు. అలాంటివారికి మునుపు లేని ఆయాసం కొత్తగా వస్తే, నొప్పి కోసం ఎదురుచూడకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. మేము చేయలేదు.

220 నుంచి వయసు తీసేస్తే గుండె గరిష్ఠ వేగం వస్తుందంటారు. అది ఉజ్జాయింపు లెక్కే. రక్తపోటుకు అటెనలాల్ వంటి మాత్రలు వేసుకునేవారికి అసలు పనికిరాదు, ఆ మాత్రలు గుండె వేగాన్ని పెరగనివ్వవు. వారికి మాటే కొలత. నడుస్తూ మాట్లాడగలిగితే వేగం సరిపోయినట్టు. ఇంకొకటి, వేగంగా నడిచి ఒక్కసారిగా నిలబడిపోకూడదు. రక్తాన్ని పైకి నెడుతున్న పిక్కలు ఆగిపోతే రక్తం కాళ్ళలో నిలిచి తల తిరుగుతుంది. చివరి కొన్ని నిమిషాలు నెమ్మదిగా నడవాలి.

భాయీజాన్ ఇప్పుడు డాక్టరు అనుమతితో ఫజర్ నమాజు తర్వాత నడుస్తున్నారు. పక్కనే నడుస్తూ నేను ఏదో ఒకటి అడుగుతుంటాను. జవాబు మధ్యలో ఊపిరి కోసం ఆగితే ఇద్దరం వేగం తగ్గిస్తాం.