అంతర్జాల అధ్యయనం - పాఠపరిష్కరణ దృష్టి: జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి గ్రామపుటల నిదర్శనం

కీలకపదాలు: అంతర్జాల అధ్యయనం, తెలుగు వికీపీడియా, పాఠాంతరాలు, గ్రామనామాలు, జిల్లాల పునర్వ్యవస్థీకరణ.

1. ఉపోద్ఘాతం

అంతర్జాలంలో సమాచారాన్ని వెతకడం వేరు, అంతర్జాలాన్నే పరిశీలించడం వేరు. మొదటి సందర్భంలో అది పరిశోధనకు సాధనం. రెండవ సందర్భంలో పరిశోధనకు విషయం. ఈ భేదాన్ని గుర్తించడంతోనే అంతర్జాల అధ్యయనం ప్రత్యేక శాఖగా రూపొందింది. ఆ శాఖ ఆవిర్భావాన్ని, అందులో తెలుగు పరిశోధకులకు గల అవకాశాన్ని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. శాఖగా రూపొందిన తీరు

1990లలో సమాజశాస్త్రం, భాషాశాస్త్రం, మాధ్యమ అధ్యయనం మొదలైన శాఖలవారు తమ తమ పద్ధతులలో అంతర్జాలాన్ని పరిశీలించారు. 1999లో అంతర్జాల పరిశోధకుల సంఘం ఏర్పడి, 2000లో కాన్సాస్ విశ్వవిద్యాలయంలో తొలి సదస్సు నిర్వహించింది. 2001లో ఆక్స్‌ఫర్డ్ ఇంటర్నెట్ ఇన్‌స్టిట్యూట్ ఏర్పడింది. ఈ విధంగా విడివిడి ఆసక్తులకు ఉమ్మడి వేదికలు లభించాయి.

తెలుగులోనూ పరిశీలించదగిన సామగ్రి సమకూడుతూ వచ్చింది. తెలుగును రోమన్ అక్షరాలలో రాయడానికి రైస్ విశ్వవిద్యాలయంలో ఆర్‌టీఎస్ పద్ధతి రూపొందింది. 1998లో ‘ఈమాట’ పత్రిక, 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా ప్రారంభమయ్యాయి.

3. మూడు జిల్లాల నిదర్శనం

2016 అక్టోబరు 11న తెలంగాణలో కొత్త జిల్లాలు ఏర్పడ్డాయి. పాలకుర్తి మండలంలోని బమ్మెర వరంగల్ నుండి జనగామ జిల్లాకు, బయ్యారం ఖమ్మం నుండి మహబూబాబాద్ జిల్లాకు, కాళేశ్వరం కరీంనగర్ నుండి జయశంకర్ భూపాలపల్లి జిల్లాకు మారాయి. వరంగల్ నుండి భూపాలపల్లి జిల్లాలో చేరిన ములుగు 2019 ఫిబ్రవరి 17న మరల ప్రత్యేక జిల్లా అయింది. వికీపీడియాలో ఈ గ్రామాల పుటలనూ అందుకనుగుణంగా సవరించవలసి వచ్చింది.

వికీపీడియా ప్రతి సవరణనూ తేదీ, సమయాలతో పాత ప్రతులతో సహా భద్రపరుస్తుంది. ఒకే పుటకు గల ఈ ప్రతులు తాళపత్ర ప్రతులలోని పాఠాంతరాల వంటివే. ఏ పాఠం ముందుది, ఏది తరువాతది, మార్పునకు కారణమేమి అనే ప్రశ్నలు తెలుగు శాఖలకు కొత్తవి కావు. అయితే తాళపత్ర లేఖకుని కాలాన్ని ఊహించవలసి వస్తుంది. ఇక్కడ కాలం నమోదై ఉంటుంది. తేదీ పేర్కొనకుండా ఇటువంటి పుటను ఉదాహరిస్తే, సిద్ధాంతగ్రంథంలో ఒక జిల్లా, పాఠకుడు తెరిచిన పుటలో మరొక జిల్లా కనిపించవచ్చు.

ఈ ఆధారానికి పరిమితి కూడా ఉంది. పుటలో పేరు ఎప్పుడు మారిందో అది చెబుతుంది. జనవ్యవహారం మారిందో లేదో చెప్పదు. మహబూబాబాద్‌ను నేటికీ ‘మానుకోట’ అనే వ్యవహారాన్ని క్షేత్రపర్యటనలోనే గ్రహించగలం.

4. ముగింపు

అంతర్జాల అధ్యయనానికి తెలుగు పరిశోధకులు రిక్తహస్తాలతో వెళ్లనవసరం లేదు. పాఠపరిష్కరణ పద్ధతి వారి చేతిలోనే ఉంది. అయితే మార్పుల చరిత్రను దాచని వెబ్‌సైట్లు మూతపడితే వాటిలోని పాఠాలు కూడా కనుమరుగవుతాయి. కనుక ఉదాహరించిన ప్రతి పుటనూ తేదీతో భద్రపరచుకోవడం పరిశోధకుని తొలి కర్తవ్యం.