ముసలి గుర్రానికి పళ్ళే ప్రాణం

సంతలో గుర్రాన్ని కొనేవాడు రంగూ నడకా తరువాత చూస్తాడు. ముందు పెదవి ఎత్తి పళ్ళు చూస్తాడు. ఎందుకో తెలుసా? గుర్రం వయసు దాని పళ్ళ మీద రాసి ఉంటుంది. పై వరుస ముందుపళ్ళలో చివరిదాని మీద, సుమారు 10 ఏళ్ళ వయసులో, చిగురు దగ్గర ఒక గాడి కనిపించడం మొదలవుతుంది. 15 ఏళ్ళకు అది పన్ను సగం దాకా, 20 ఏళ్ళకు కొసదాకా దిగుతుంది. ఇది ఉజ్జాయింపు లెక్కే. కొన్నేళ్ళు అటూ ఇటూ కావచ్చు.

మన పన్ను పూర్తిగా మొలిచాక ఇక పైకి రాదు. గుర్రపు దవడపళ్ళ సంగతి వేరు. పడుచు గుర్రానికి ఒక్కొక్క దవడపన్ను 8 సెంటీమీటర్ల దాకా ఉంటుంది గాని, బయటికి కనిపించేది కొంచెమే. మిగిలినదంతా ఎముకలో దాగి ఉంటుంది. గడ్డిలో సిలికా ఉంటుంది. ఇసుకలో ఉండేదీ అదే. దాన్ని నమిలి నమిలి పన్ను ఏడాదికి 2 నుంచి 3 మిల్లీమీటర్లు అరుగుతుంది. అరిగినంత మేర లోపలినుంచి బయటికి వస్తుంది. గాదెలో ధాన్యంలాగా, తీసి వాడుకోవడమే గాని మళ్ళీ నింపడం లేదు. 80 మిల్లీమీటర్లను 3తో భాగించి చూడండి. 26 ఏళ్ళు దాటుతుంది. గుర్రం ఆయుర్దాయం సాధారణంగా 25 నుంచి 30 ఏళ్ళు!

గాదె ఖాళీ అయ్యాక ఏమవుతుంది? గుర్రం గడ్డిని నోట్లోనే ఉండచుట్టి కింద వదిలేస్తుంది. దొడ్లో ఇలాంటి తడి గడ్డి ఉండలు కనిపిస్తే, తిండి మీద మనసు లేదనుకుంటారు కొందరు. నిజానికి అది ఆకలితో ఉంది. ఆవు అయితే నెమరు వేసి రెండోసారి నములుతుంది. గుర్రానికి ఆ అవకాశం లేదు. సరిగా నమలని ముద్ద గొంతు దిగి అన్నవాహికలో ఇరుక్కున్నా, పేగులో అడ్డుపడినా ప్రాణం మీదికి వస్తుంది. గుర్రం వాంతి కూడా చేసుకోలేదు.

అందుకని ముసలి గుర్రం పళ్ళను ఏడాదికి ఒకటి రెండుసార్లు పశువైద్యుడికి చూపించాలి. వాడిగా మొనదేలిన అంచులను ఆయన పొడవాటి ఆకురాయితో నునుపు చేస్తాడు. ఎండుగడ్డిని సన్నగా తరిగి నానబెట్టాలి. మన ఊళ్ళలో జట్కాలు తిరిగిన రోజుల్లో గుర్రాలకు ఉలవలు పెట్టేవారు. ఇంగ్లీషులో వాటి పేరే 'గుర్రపు పప్పు' అని. ముసలిదానికైతే వాటిని మెత్తగా ఉడికించి, మెదిపి పెట్టాలి. అంత పెద్ద జంతువుకు పొట్ట మాత్రం చిన్నది. పట్టేది 15 లీటర్లలోపే. కాబట్టి దాణా కొద్దికొద్దిగా, రోజుకు నాలుగైదుసార్లు.

గుర్రం నిలబడే నిద్రపోతుందని మీరు చదివే ఉంటారు. అది కునుకు మాత్రమే. కలలు వచ్చే నిద్ర పట్టాలంటే అదీ పడుకోవలసిందే. కీళ్ళనొప్పులున్న ముసలి గుర్రానికి పడుకుంటే మళ్ళీ లేవడం కష్టం. అందుచేత పడుకోవడమే మానేస్తుంది. కొన్నాళ్ళకు నిలుచున్నచోటనే తూలి ముందుకు పడుతుంది. ముంగాళ్ళ మీద గీరుకున్న మచ్చలు కనిపిస్తే కారణం ఇదేనేమో చూసుకోవాలి. మెత్తగా, మందంగా గడ్డి పరవాలి. ఇక డెక్కలు: నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతాయి. పని మానేసిన గుర్రానికి అవి రోడ్డు మీద అరగవు కూడా. ఆరు నుంచి ఎనిమిది వారాలకొకసారి చెక్కించాలి.

ఇదంతా ఖర్చే. రాబడి ఆగిపోయిన రోజునే ఖర్చు పెరుగుతుంది. అందుకే కొందరు ముసలి గుర్రాన్ని రోడ్డు మీదికి తోలేస్తారు. ఆకలిదప్పులతో బాధపడేలా జంతువును వదిలేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం. అయితే రోజు సంపాదనతో బతికే బండివాణ్ణి తిట్టడం తేలిక. గుర్రం పనిచేసే రోజుల్లోనే నాలుగు రాళ్ళు దాని పేర వెనకేయడం అతనికెంత కష్టమో కూడా చూడాలి. ఇంగ్లండులో కాలువ పడవలు లాగిన ఓల్డ్ బిల్లీ అనే గుర్రాన్ని దాని యజమానులు చివరి రోజుల్లో పని మాన్పించి పోషించారు. అది 1822లో, 62వ ఏట చనిపోయిందని చెబుతారు. దాని పుర్రె మాంచెస్టర్ మ్యూజియంలో ఉంది.

అన్ని గుర్రాలకూ అంత సుఖమైన ముసలితనం రాదు. తగ్గని నొప్పితో కుంగిపోతున్నప్పుడు, పశువైద్యుడు సూదిమందుతో బాధ లేకుండా ప్రాణం పోనివ్వడం కూడా యజమాని ఆలోచించవలసిన విషయమే. ఎంతో ఇష్టంగా పెంచినవాడికి ఆ మాట నోట రాదు. అప్పుడు డాక్టరు అడిగే ప్రశ్నలు చాలా మామూలుగా ఉంటాయి: తింటోందా? పడుకుని, తనంతట తాను లేస్తోందా? మీ అడుగుల చప్పుడు వినగానే తల ఇటు తిప్పుతోందా?