ఆఫీసుకు కట్టిన చీరే... ఆదివారం కథ!

వారమంతా ఉద్యోగం. ఆదివారం వస్తే ఇంటిపని. ఇక ఫ్యాషన్ గురించి రాయడానికి తీరికెక్కడిది... అనుకుంటారు చాలామంది. కానీ బట్టల గురించి నాలుగు నిజాలు రాయడానికి, నెలనెలా జీతం అందుకునేవాళ్లకు ఉన్నంత వీలు మరొకరికి లేదు. అందులోనూ బందరు, గుడివాడ, దివిసీమల్లో ఉన్నవాళ్లకైతే... కథలన్నీ గుమ్మం ముందే!

పొద్దున్నే గుడివాడ బస్టాండు. భుజాన బ్యాగు, చేతిలో క్యారేజీ. బందరు బస్సు కోసం ఎదురుచూసేవాళ్లలో టీచర్లుంటారు, బ్యాంకు ఉద్యోగినులుంటారు, సచివాలయాల్లో పనిచేసే అమ్మాయిలుంటారు. ఒకరిది గంజిపెట్టిన నేతచీర, మరొకరిది కలంకారీ కుర్తా. ‘ఎక్కడ కొన్నారండీ?’, ‘రంగు పోవట్లేదు కదా?’, ‘సాయంత్రానికి నలిగిపోదూ?’... బస్సు వచ్చేలోపు ఈ ముచ్చట్లు తప్పవు. ఖరీదైన ఫ్యాషన్ పత్రికల్లో కూడా ఇవి దొరకవు. ఎందుకంటే ఉక్కపోతలో గంటసేపు బస్సులో నిలబడి, ఆపైన ఎనిమిది గంటలు పనిచేసే మనిషికి ఏ బట్ట నప్పుతుందో వాటిలో రాసేవాళ్లకు తెలియదు. ఆ బట్ట కట్టుకున్నవాళ్లకే తెలుసు.

ఆ ముచ్చట్లనే ఓ ఫొటో తీసి, పది వాక్యాల్లో రాసి పెడితే... అదే సొంత ఫ్యాషన్ బ్లాగు!

పగలు కొలువు... రాత్రి రాతలు

ఈ దారిలో ముందు నడిచినవాళ్లు డిజైనర్లేం కాదు. లండన్‌లో సూసీ లా అనే అమ్మాయి 2006లో ‘స్టైల్ బబుల్’ మొదలుపెట్టింది. అప్పటికి ఆమెది ప్రకటనల రంగంలో ఉద్యోగం. పగలు ఆ పని చూసుకుంటూనే, తను ఏం వేసుకుందో, ఎందుకు వేసుకుందో ఫొటోలు పెట్టి రాసేది. రంగుకు రంగు కలవకపోయినా సరే, తనకు నచ్చితే చాలు. ఆ రాతలే ఆమెను తర్వాత ఫ్యాషన్ పత్రికా రంగంలోకి తీసుకెళ్లాయి. పెద్ద పెద్ద ఫ్యాషన్ షోల్లో ముందు వరసలో కూర్చోబెట్టాయి.

అంతకు ముందే, 2005లో, న్యూయార్క్‌లో స్కాట్ షూమన్ వీధుల్లో నడిచే మామూలు మనుషుల్ని ఫొటోలు తీస్తూ ‘ద సార్టోరియలిస్ట్’ ప్రారంభించాడు. మన దేశపు సినీతారల దుస్తుల మీద ఇద్దరు స్నేహితురాళ్లు కలిసి రాసిన ‘హై హీల్ కాన్ఫిడెన్షియల్’ 2007లో మొదలైంది. 2010లో ఇన్‌స్టాగ్రామ్ వచ్చాక ఈ ముచ్చట్లలో చాలా భాగం కంప్యూటర్ తెర మీంచి ఫోన్‌లోకి మారిపోయింది. చోటు మారింది కానీ సూత్రం మారలేదు. చూసింది చెప్పాలి, తనకు తెలిసిందే చెప్పాలి.

మరి మన దగ్గర చెప్పడానికి ఏముంది అంటారా?

బందరు నుంచి ఐరోపాకు

పారిస్ ఫ్యాషన్ బందరుకు రావడం ఇప్పటి మాట. ఇక్కడి ఫ్యాషన్ అక్కడికి వెళ్లడం అప్పటి మాట! గోల్కొండ రాజ్యానికి ముఖ్యమైన రేవు మచిలీపట్నం. 17వ శతాబ్దం ఆరంభంలోనే డచ్చివారు ఇక్కడికొచ్చారు. ఇంగ్లిషువారు 1611లో అడుగుపెట్టారు. వాళ్లంతా ఆశపడింది కోరమాండల్ తీరపు బట్టలకే. ఉతికినా రంగు పోని ఈ అద్దకం నూలు బట్టల్ని ఐరోపాలో ‘చింట్జ్’ అన్నారు. గౌన్లు కుట్టించుకున్నారు, పరుపుల మీద పరుచుకున్నారు. ఆ మోజు ఎంతవరకూ వెళ్లిందంటే... తమ నేతగాళ్లు, బట్టల వ్యాపారులు దెబ్బతింటున్నారని ఫ్రాన్స్ 1686లో ఈ అద్దకం బట్టల్ని నిషేధించింది. ఆ నిషేధం 1759 దాకా సాగింది. బ్రిటన్ కూడా 1721లో చట్టం చేసి మరీ అద్దకం నూలు బట్టలు కట్టడాన్ని అడ్డుకుంది.

ఒక బట్టను ఆపడానికి రాజ్యాలు చట్టాలు చేశాయంటే, అంతకు మించిన ఫ్యాషన్ ఏముంటుంది? ఆ బట్టకు వారసులు ఇప్పటికీ ఈ ప్రాంతంలోనే ఉన్నారు. వాళ్లను కలవడానికి విమానం ఎక్కక్కర్లేదు. గుడివాడలో రైలెక్కితే చాలు.

ఒక రైలు... బోలెడు కథలు

గుడివాడ నుంచి మచిలీపట్నం వెళ్లే రైలుమార్గంలో గుడ్లవల్లేరు, కవుతరం దాటాక వచ్చే ఊరు పెడన. బందరు కలంకారీగా పేరుపొందిన అద్దకానికి ఇప్పుడిదే ప్రధాన కేంద్రం. ఈ కలంకారీకి భౌగోళిక గుర్తింపూ ఉంది. శ్రీకాళహస్తిలో కలంతో గీస్తే, ఇక్కడ టేకు చెక్కపై చెక్కిన అచ్చులతో అద్దుతారు.

ముందు గుడ్డను బాగా ఉతికి, కరక్కాయ నీళ్లలో ముంచి ఆరేస్తారు. ఇనుప తుక్కు, బెల్లం కలిపి రోజుల తరబడి పులియబెట్టిన నీళ్లతో నల్లటి గీతలు అద్దుతారు. ఎరుపు రావాల్సిన చోట పటిక అద్దుతారు. అప్పటికి అక్కడ ఎరుపు కనపడదు. పారే నీటిలో జాడించి, రంగునిచ్చే వేళ్లూ ఆకులూ వేసి ఉడకబెట్టినప్పుడు... పటిక తగిలిన చోటే ఎరుపు తేలుతుంది! పసుపుకు దానిమ్మ తొక్క, నీలానికి నీలిమందు. ప్రతి రంగుకీ మళ్లీ అద్దడం, ఉతకడం, ఎండబెట్టడం. పారే నీరు, కాసే ఎండ... ఈ రెండూ లేకపోతే పని సాగదు.

ఒక్క చీర వెనక ఇంత కథ ఉందని, దాన్ని రోజూ కట్టుకుని ఆఫీసుకు వెళ్లేవాళ్లలో ఎంతమందికి తెలుసు?

పెడన దాటగానే చిలకలపూడి. రోల్డుగోల్డు నగలకు పెట్టింది పేరు. ‘చిలకలపూడి బంగారం’ అంటే తెలియని తెలుగిల్లు తక్కువ. దొంగల భయం లేకుండా రోజూ వేసుకెళ్లే గాజులు, గొలుసు, దుద్దులు... ఉద్యోగినికి ఇంతకంటే కావాల్సిందేముంది? ఏ నగ ఎన్నాళ్లు మెరుపు తగ్గకుండా ఉంది, చెమటకు ఏది నల్లబడింది... ఏడాది వాడి చూసి రాస్తే అది కొనేవాళ్లకు ఎంత ఉపయోగం!

ఇక దివిసీమ. డీఎస్సీ శిక్షణకు పేరుపొందిన ఊరు అవనిగడ్డ. ఎక్కడెక్కడి నుంచో వచ్చి చదువుకుని, టీచరుగా మొదటి పోస్టింగు అందుకునే అమ్మాయి ముందుండే ప్రశ్న... ‘బడికి ఏం కట్టుకెళ్లాలి?’ మొదటి జీతంలో ఎన్ని చీరలు కొనొచ్చు? సుద్దపొడి పడినా కనిపించని రంగేది? నాగాయలంక, కోడూరు వైపు వానల్లో బండి మీద వెళ్లడానికి చీర మేలా, చుడీదార్ మేలా? ఇవన్నీ ఆ ఉద్యోగం చేస్తున్నవాళ్లు మాత్రమే చెప్పగలిగిన సమాధానాలు.

చిక్కంతా పేరులోనే!

రాసేవాళ్లు ఒక్క విషయంలో మాత్రం జాగ్రత్తపడాలి. బజారులో ‘కలంకారీ’ అని అమ్మేదంతా కలంకారీ కాదు. కొంత స్క్రీన్ ప్రింటింగ్. ఇంకొంత పాలిస్టర్ మీద యంత్రం కొట్టిన డిజైను. చేతి అచ్చుతో రోజులు పట్టే పని, స్క్రీన్ మీద చకచకా అయిపోతుంది. ధరా తగ్గుతుంది. రెండూ ఒకే పేరుతో పక్కపక్కన వేలాడుతుంటే కొనేవాళ్లు చౌకదే తీసుకుంటారు. నష్టపోయేది టేకు అచ్చు పట్టుకున్న చెయ్యి.

స్క్రీన్ ప్రింటింగ్ తప్పని కాదు. పెడనలోనే ఎన్నో కుటుంబాలకు అది అన్నం పెడుతోంది. దాన్ని దాని పేరుతోనే పిలవాలి, అంతే. అందుకే ఫొటో పెట్టేముందు కొన్నచోట రెండు ప్రశ్నలు అడగాలి. ఒకటి, ‘అచ్చా, స్క్రీనా?’ రెండు, ‘సహజ రంగులా, రసాయన రంగులా?’ ఈ రెండూ వేర్వేరు సంగతులు. అచ్చుతో రసాయన రంగులూ అద్దుతారు.

కంటితోనూ కొంత పట్టుకోవచ్చు. చేతి అచ్చులో ఒక అచ్చుకూ మరో అచ్చుకూ మధ్య అతుకు దగ్గర వెంట్రుకవాసి తేడా ఉంటుంది. ఒక పువ్వు ముదురు, పక్కది కాస్త లేత. రంగు గుడ్డలోకి ఇంకి వెనకవైపూ కనిపిస్తుంది. అంగుళం కూడా తేడా లేకుండా అన్నీ ఒకేలా ఉండి, వెనక తెల్లగా ఉంటే అనుమానించాల్సిందే. తెలియకపోతే ‘తెలియదు’ అని రాసినా తప్పులేదు. తెలియకుండా ‘అసలైన కలంకారీ’ అని రాస్తేనే తప్పు. వంద మంది చదివి, ఆ మాట నమ్మి కొంటారు మరి!

జీతమే ధైర్యం

ఇక్కడే ఉద్యోగం అక్కరకొస్తుంది. రాతల మీదే బతికేవాళ్లకు దుకాణంవాళ్లు పంపిన చీరను బాగాలేదని చెప్పడం కష్టం. ఒకటో తారీఖున జీతం పడేవాళ్లకు ఆ ఇబ్బంది లేదు. తన డబ్బుతో కొన్న చీర రంగు పోతే పోయిందని రాయొచ్చు. బాగుంటే బాగుందని చెప్పొచ్చు. కాబట్టి నలుగురు చదవడం మొదలుపెట్టగానే రాజీనామా చేయాలన్న తొందర అస్సలొద్దు. ఆ రాతలకు విలువ తెచ్చేదే ఆ ఉద్యోగం.

ఎవరైనా ఉచితంగా చీర పంపితే? తీసుకోవచ్చు, కానీ ఆ సంగతి చదివేవాళ్లకు చెప్పాలి. ప్రకటనల ప్రమాణాల మండలి ఈ మేరకు 2021లోనే మార్గదర్శకాలిచ్చింది. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 జనవరిలో మరోసారి స్పష్టం చేసింది. డబ్బు తీసుకున్నా, వస్తువు తీసుకున్నా అందరికీ కనిపించేలా రాయాల్సిందే. ప్రచారం కోసం సంస్థ ఇచ్చి, తిరిగి తీసుకోని వస్తువుల విలువ ఏడాదిలో 20 వేల రూపాయలు దాటితే 10 శాతం పన్ను మినహాయించాలన్న నిబంధన 2022 జులైలో వచ్చింది.

ప్రభుత్వ ఉద్యోగులైతే మరింత జాగ్రత్త. 1964 నాటి ప్రవర్తనా నియమావళి ప్రకారం అనుమతి లేకుండా వ్యాపారం చేయకూడదు. సరదాగా రాసుకోవడం వేరు, డబ్బు తీసుకుని ప్రచారం చేయడం వేరు. రూపాయి ముట్టేముందే పైఅధికారిని రాతపూర్వకంగా అడగడం మంచిది. ప్రైవేటు సంస్థల్లో పనిచేసేవాళ్లు తమ నియామక పత్రంలోని షరతులు ఒకసారి తిరగేయాలి.

వారానికి ఒక్క గంట

* రోజూ రాయక్కర్లేదు. వారానికొకటి చాలు. ఏడాది తిరిగేసరికి 52 కథలు!

* పొద్దున బయల్దేరేముందు కిటికీ పక్కన, వెలుతురు ముఖాన పడేలా నిలబడి ఒక ఫొటో. సాయంత్రం ఇంటికొచ్చాక అదే చోట ఇంకొకటి. రోజంతా పనిచేశాక ఆ బట్ట ఎలా ఉందో చెప్పేది ఆ రెండో ఫొటోనే.

* బస్సులోనో రైల్లోనో ఫోన్‌లో నాలుగు ముక్కలు రాసిపెట్టుకోవాలి. ఎంతకు కొన్నారు, ఎన్ని ఉతుకులు పడ్డాయి, ఎక్కడ గుచ్చుకుంది... ఆదివారం గంటసేపు కూర్చుంటే అవే కథవుతాయి.

* రాయడం కోసం కొత్త బట్టలు కొనొద్దు. ఉన్న చీరనే మూడు జాకెట్ల మీదకు మార్చి కట్టి చూపిస్తే చదివేవాళ్లకూ డబ్బు మిగులుతుంది.

* అద్దకం పనివాళ్లను ఫొటో తీయాలంటే ముందు అడగాలి. వాళ్ల పేరు రాయొచ్చా, ఆర్డర్ల కోసం నంబరు ఇవ్వొచ్చా... అదీ వాళ్లిష్టమే.

* ఆఫీసు వేళల్లో, ఆఫీసు కంప్యూటర్లో ఈ పని పెట్టుకోవద్దు.

నలుగురూ ఏమంటారో!

అన్నిటికంటే పెద్ద అడ్డంకి తీరిక కాదు. ‘ఫొటోలు పెడితే నలుగురూ ఏమనుకుంటారే?’ అన్న అమ్మ మాట. ‘అత్తగారు చూస్తే?’ అన్న సందేహం. ఆ భయం ఉత్తదేం కాదు. అందుకే మొదట్లోనే హద్దులు గీసుకోవాలి. బట్ట గురించి చెప్పడానికి ముఖం చూపించాలని లేదు. కుచ్చిళ్లు, కొంగు, జాకెట్టు చేతులు కనిపిస్తే చాలు. ఇంటి గుమ్మం, ఆఫీసు గుర్తింపు కార్డు, రోజూ ఎక్కే బస్సు వేళ ఫొటోల్లో గానీ రాతల్లో గానీ పడకూడదు. వెళ్లిన చోటు గురించి తిరిగొచ్చాకే పెట్టాలి. ఎవరైనా ఫొటో మార్చి వేధిస్తే దాచుకుని కుమిలిపోకుండా పోలీసులకు చెప్పాలి. సైబర్ నేరాల సహాయ నంబరు 1930.

మరి అమ్మను ఒప్పించేదెలా? ఆమెనే మొదటి కథ చేస్తే సరి! బీరువా అడుగున నాఫ్తలీన్ ఉండల మధ్య మడిచిపెట్టిన ఆమె పాత బందరు అద్దకం దుప్పటో, చీరో బయటికి తీసి అడగాలి... ఎప్పుడు కొన్నావు, ఎవరు తెచ్చారు, ఇన్నేళ్లయినా రంగు ఎలా నిలిచింది అని. కుంకుడురసంతో ఉతికి, నీడపట్టున ఆరేసిన గుట్టు ఆమె దగ్గరే ఉంటుంది. ఆమె చెబుతుంటే రాసుకోవడమే. సోమవారం పొద్దున అదే చీర కట్టుకుని బస్టాండుకు వెళితే, ‘ఎక్కడ కొన్నారండీ?’ అని ఎవరో ఒకరు అడగకపోరు.

అప్పుడు చెప్పే జవాబే... రెండో కథ!