జవాబు చెప్పవలసిన దెవరు?

ప్రజాప్రభుత్వమున మంత్రి యనగా ఆజ్ఞ లిచ్చువాడు మాత్రమే కాడు. అడిగినపుడు బదులు చెప్పవలసినవాడు. రాష్ట్ర మంత్రివర్గము శాసనసభకు సమష్టిగా బాధ్యత వహింపవలెనని రాజ్యాంగపు 164వ అధికరణము శాసించుచున్నది. కాని యా వాక్యపు విలువ సభాభవనమున తేలదు, వీథిలో తేలును. రాజధానికి తూర్పున నున్న ఉప్పలు, నాచారము ప్రాంతముల స్థితిని గమనించిన వారికి ఈ సత్యము బోధపడకపోదు.

ఈ హక్కు మనకు తేలికగా లభించినది కాదు. 1919లో నిజాము తన సంస్థానమున కార్యనిర్వాహక మండలిని నెలకొల్పి సర్ అలీ ఇమామును దాని కధ్యక్షుని గావించెను. ఆ మండలి సభ్యులు సమర్థులే కావచ్చును. కాని వారు ప్రభువునకు జవాబుదారులు, ప్రజలకు కారు. రోడ్డు గూర్చిగాని నీటి గూర్చిగాని రైతు అర్జీ పెట్టుకొనవచ్చును, జవాబు కోరరాదు. 1952 మార్చిలో బూర్గుల రామకృష్ణారావుగారి మంత్రివర్గ మేర్పడిన పిమ్మటనే హైదరాబాదు మంత్రులు ఎన్నికైన సభ యెదుట నిలువవలసివచ్చినది. అర్జీకిని ప్రశ్నకును గల భేదమే స్వరాజ్యమునకును దాస్యమునకును గల భేదము.

ఇక ఉప్పలు సంగతి చూతము. వరంగల్లు పోవు జాతీయ రహదారిపై ఉప్పలు మొదలు నారపల్లి వఱకు 6 కిలోమీటర్లకు పైబడిన వంతెనదారికి 2018 మే నెలలో కేంద్రమంత్రి నితిన్ గడ్కరీగారు శంకుస్థాపన గావించిరి. రెండేండ్లలో ముగియవలసిన పని 2025వ సంవత్సరము కడచునప్పటికిని ముగియలేదు. భూసేకరణము ఆలస్యమైనది, విద్యుత్తు స్తంభములను, నీటి గొట్టములను తొలగించుట ఆలస్యమైనది, కంట్రాక్టరు ఆర్థికమైన చిక్కులలో బడెను. ఈలోపల స్తంభముల క్రింది బాట గుంతలమయమై వానకాలమున బురద, ఎండకాలమున ధూళి. అంగళ్లవారి బేరములు సన్నగిల్లినవి. రోగిని బండిలో నగరమునకు తెచ్చువారి యవస్థ చెప్పనలవి కాదు.

దీనికి జవాబు చెప్పవలసిన దెవరు? ధనము కేంద్రముది, పని జరిపించునది రాష్ట్రపు రోడ్లు భవనముల శాఖ, వీథిదీపములు పురపాలకులవి, నీటి గొట్టములు జలమండలివి. ఒకరి నడిగిన వేఱొకరిని జూపుదురు. “పదిమంది చేతిలో పడిన పాము చావదు” అను సామెత యిక్కడ సార్థకమైనది. దారి పొడవున నున్న పీర్జాదిగూడ, బోడుప్పలు కార్పొరేషనులు 2025 డిసెంబరులో మహానగర సంస్థలో కలిసిపోయినవి. పాత సంస్థ చేసిన వాగ్దానమునకు వారసు డెవ్వడో సామాన్యునకు తెలియు మార్గ మేది?

రాజకీయముగా జూచినను చిత్రమే. 2023లో ఉప్పలు శాసనసభాస్థానము భారత రాష్ట్ర సమితి పక్షమున కబ్బెను. ఆ యేడే రాష్ట్రాధికారము కాంగ్రెసు చేతికి వచ్చెను. 2024లో ఉప్పలును గలిగిన మల్కాజిగిరి లోక్‌సభాస్థానము భారతీయ జనతాపక్షమున కబ్బెను. అంతకు ముందు 2019 నుండి మల్కాజిగిరి సభ్యులుగా నున్నవారు రేవంత్ రెడ్డిగారే. 2023 డిసెంబరులో ముఖ్యమంత్రియై పురపాలక శాఖను కూడ తమయొద్దనే యుంచుకొనిరి. కావున ఈ బాట కష్టము తెలియని పక్షము లేదు. తెలియకపోవుటచే గాక, తెలిసియు బాధ్యత చెదరిపోవుటచే పని నిలిచినది.

నాచారము చిక్కు వేఱు విధమైనది. అచ్చట లోటు నిర్మాణమున గాదు, నియంత్రణమున. ఉప్పలు, నాచారము, మల్లాపురము పారిశ్రామికవాడల నుండి రాత్రులందు వెలువడు రసాయనపు కంపును గూర్చి నివాసులు ఏండ్ల తరబడి మొఱపెట్టుకొనుచున్నారు. ఊళ్లు దూరముగా నున్నపుడు వెలసిన కార్ఖానాల చుట్టును నేడు ఇండ్లు క్రిక్కిఱిసినవి. 2025 నవంబరులో ప్రభుత్వము క్రొత్త విధానమును ప్రకటించి, ఇట్టి వాడలలోని 9 వేల యెకరములకు పైగా భూమిని, నిర్ణీత రుసుము గైకొని, నివాస వాణిజ్యాదులకు మార్చుకొన ననుమతించెను. కాలుష్యమును నగరమునుండి వెడలింతుమని పరిశ్రమల మంత్రి శ్రీధర్ బాబుగారు చెప్పిరి. ప్రజల భూమి చౌకగా పోవుచున్నదని ప్రతిపక్షము వాదించెను. ఉద్దేశము మంచిదే యనుకొందము. కాని యుద్యోగముల కొఱకని యిచ్చిన నేల మేడలకు మారునపుడు కూలివాని గతి యేమి? రసాయనములు పీల్చిన మన్నును, భూగర్భజలమును శుభ్రపఱచు వ్యయ మెవరిది? కార్ఖానా వెడలు వఱకు రాత్రివేళ పొగను పరీక్షించు నధికారి యెవడు? పరిశ్రమలు ఒక మంత్రివి, కాలుష్య నియంత్రణ మండలి వేఱొక మంత్రిది. ఇచ్చటను బాధ్యత రెండుగా చీలియేయున్నది.

క్రొత్త చట్టములు వలదు; ఉన్న పద్ధతులు చాలును. ప్రశ్నోత్తర సమయమున ప్రశ్నకు జవాబు వచ్చిన పిదప సభ్యుడు అనుబంధ ప్రశ్నలు వేయవచ్చును. మంత్రి సభలో మాట యిచ్చినయెడల దానిని వెంబడించుటకు ప్రభుత్వ హామీల సంఘమున్నది. లోక్‌సభలో నిట్టి హామీలను మూడు నెలలలో నెఱవేర్పవలెనను నియమము కలదు. ఉప్పలు బాటకు ఒక్క మంత్రి, నాచారపు భూములకు ఒక్క మంత్రి పూచీ వహించి, గడువును వ్రాతపూర్వకముగా సభ ముందుంచి, మూడు నెలల కొకసారి జరిగిన పనిని, జరుగని పనికి కారణమును తెలుపవలెను. గడువు తప్పుట యొక్కొకచో క్షమింపదగినదే. చెప్పకుండ దాటవేయుట క్షమింపదగినది కాదు.

పౌరులకును విధి కలదు. పన్ను కట్టు గృహస్థులు, బాట ప్రక్క భూములు గల రైతులు మంత్రి వచ్చినపుడు పూలదండ వేయుటతో తృప్తి పొందరాదు. నిరుడు చెప్పిన తేదీ యేమైనదని మర్యాదగా నడుగవలెను. శంకుస్థాపన ఫలకముపై పేరు చెక్కించుకొన్నవారు పని నిలిచిన నాడును ఆ పేరునకు కట్టుబడియుండవలెను. పాలకులు దండ కెంత త్వరగా మెడ వంతురో, ప్రశ్న కంత త్వరగా నోరు విప్పుట యలవడినగాని యీ బాట బాగుపడదు.