ఒడ్డు మీదే మొదలైన ప్రమాదాలు

2021 అక్టోబర్ 30. వేల్స్‌లోని హావర్‌ఫర్డ్‌వెస్ట్ పట్టణంలో క్లెడౌ నది వానలకు పొంగి పారుతోంది. వరద హెచ్చరికలు అమల్లో ఉన్నాయి. ఆ ఉదయం తొమ్మిది మంది ప్యాడిల్ బోర్డుల మీద, అంటే నిలబడి తెడ్డు వేస్తూ నడిపే పొడవాటి పలకల మీద, నదిలోకి దిగారు. ఊరి మధ్యలో నదికి అడ్డంగా ఒక చిన్న ఆనకట్ట ఉంది. అక్కడ పొంచి ఉన్న ముప్పేమిటో వాళ్లకు బయల్దేరే ముందు ఎవరూ వివరించలేదు.

ముందు వెళ్తున్న నిర్వాహకురాలు ఆనకట్ట మధ్యనున్న వాలు మీదుగా క్షేమంగా దిగిపోయింది. వెనక వస్తున్నవారిలో కొందరు ఆనకట్ట మీంచి జారి కింది సుడిలో చిక్కుకున్నారు. అప్పటికే ఒడ్డుకు చేరిన సహ శిక్షకుడు వాళ్లను కాపాడాలని మళ్లీ నీళ్లలోకి దిగాడు. అతనూ ప్రాణాలతో తిరిగి రాలేదు. ఆ రోజు ముగ్గురు చనిపోయారు, నాలుగో ఆమె కొద్ది రోజులకు ఆసుపత్రిలో కన్నుమూసింది. నిర్వాహకురాలు కోర్టులో నేరం ఒప్పుకుంది. 2025 ఏప్రిల్‌లో స్వాన్సీ క్రౌన్ కోర్టు ఆమెకు పదేళ్ల ఆరు నెలల జైలుశిక్ష వేసింది.

మనిషి ఎత్తు కూడా లేని గోడ ఇంతమందిని ఎలా బలి తీసుకుంది? చెరువు మత్తడి పోయడం చూసినవారికి ఇది త్వరగా అర్థమవుతుంది. గోడ మీంచి దూకిన నీళ్లు నేరుగా అడుక్కి దిగి, కొంత దూరంలో పైకి లేచి, మళ్లీ గోడవైపే తిరిగి వస్తాయి. అందులో పడ్డ దుంగయినా మనిషయినా గోడ దగ్గరికే పోతారు, మునుగుతారు, తేలుతారు, మళ్లీ గోడ దగ్గరికే పోతారు. గాలి కలిసిన నురగ నీళ్లలో లైఫ్ జాకెట్ కూడా మామూలుగా తేల్చినంత తేల్చలేదు. అంతకన్నా ప్రమాదం ఏమిటంటే, ఎగువ నుంచి వచ్చేవారికి ఇదేదీ కనపడదు. నున్నగా సాగే నీళ్లూ, ఆ చివర ఒక గీతా కనిపిస్తాయి, అంతే. మన చెక్‌డ్యాములూ ఇలాంటివే.

ప్యాడిల్ బోర్డుతో వచ్చే ఇంకో ముప్పు లీష్. పలక చేజారి పోకుండా దాన్ని మనిషికి కట్టే తాడు అది. చెరువులోనూ సముద్రంలోనూ చీలమండకు కట్టుకుంటారు. పట్టుకుని తేలడానికి పలక పక్కనే ఉంటుంది కాబట్టి అక్కడ అది ప్రాణం కాపాడుతుంది. పారే నదిలో మాత్రం అదే తాడు ఏ కొమ్మకో రాయికో తగులుకుంటే, ప్రవాహం మనిషిని ముందుకు లాగుతుంటే, వంగి కాలి ముడి విప్పుకోవడం ఎవరి తరమూ కాదు. అందుకే నదిలో నడుముకు కట్టుకుని, ఒక్క గుంజుతో ఊడిపోయే లీష్ వాడాలి. ఏ నీళ్లకు ఏ తాడో తెలిసిన శిక్షకుడు ఒడ్డు మీద రెండు నిమిషాల్లో చెప్పగల విషయం ఇది.

హావర్‌ఫర్డ్‌వెస్ట్ ఘటనకు ఇరవై ఎనిమిదేళ్ల ముందు, 1993 మార్చి 22న, ఇంగ్లండ్ దక్షిణ తీరంలోని లైమ్ బేలో ఇంకో ఘోరం జరిగింది. ప్లిమత్‌కు చెందిన ఎనిమిది మంది విద్యార్థులు, ఒక ఉపాధ్యాయుడు, ఇద్దరు శిక్షకులు కయాక్‌లలో సముద్రంలోకి వెళ్లారు. గాలి వాళ్లను ఒడ్డుకు దూరంగా తోసేసింది. అలల నీరు లోపలికి రాకుండా కయాక్ మీద కప్పే తొడుగులు లేవు. సాయం కోరడానికి వెలిగించే మంట సంకేతాలూ (ఫ్లేర్లు) లేవు. శిక్షకులకున్నది ప్రాథమిక అర్హత మాత్రమే. గంటల తరబడి చల్లని నీళ్లలో ఉండిపోయి నలుగురు పిల్లలు చనిపోయారు. ఆ కేంద్రంలో భద్రత సరిగా లేదని అంతకు ముందు పనిచేసిన ఇద్దరు శిక్షకులు యాజమాన్యానికి ఉత్తరం రాసి హెచ్చరించారన్న సంగతి తర్వాత కోర్టులో బయటపడింది.

ఆ కంపెనీకీ దాని మేనేజింగ్ డైరెక్టర్‌కూ 1994లో శిక్ష పడింది. తల్లిదండ్రులు అక్కడితో ఆగలేదు. వాళ్ల పోరాటానికి ఎంపీ డేవిడ్ జేమీసన్ తోడు నిలవడంతో, సాహస క్రీడా కేంద్రాలకు లైసెన్సు తప్పనిసరి చేస్తూ 1995లో చట్టం వచ్చింది. కానీ అది పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల్ని తీసుకెళ్లేవారికే వర్తిస్తుంది. హావర్‌ఫర్డ్‌వెస్ట్‌లో పోయినవాళ్లంతా పెద్దవాళ్లు. వాళ్లను నదిలోకి తీసుకెళ్లడానికి ఆ చట్టం కింద ఏ లైసెన్సూ అక్కర్లేకపోయింది.

లైసెన్సు ఉన్నా లేకున్నా, చల్లని నీళ్లలో హఠాత్తుగా పడితే ఊపిరి ఒక్కసారిగా లోపలికి లాగేస్తుంది, ఆపైన ఆయాసం. తల నీటి కింద ఉండగా అలా లాగితే నీళ్లే లోపలికి పోతాయి. ఈత వచ్చినవాడికైనా ఇది తప్పదు. బ్రిటన్‌లో నీటి ప్రమాదాల నుంచి కాపాడే ఆర్‌ఎన్‌ఎల్‌ఐ సంస్థ చెప్పే సలహా ఒక్కటే: వెంటనే ఈదబోకండి. తల వెనక్కి వాల్చి, చెవులు నీళ్లలో మునగనిచ్చి, చేతులు మెల్లగా ఆడిస్తూ తేలండి. ఊపిరి దారికి వచ్చాకే ఈదడమైనా, కేక వేయడమైనా.

మన దగ్గర విశాఖ రుషికొండలో, హైదరాబాద్ దుర్గం చెరువులో కయాకింగ్ చేసేవాళ్లు పెరుగుతున్నారు. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో మునిగిన పర్యాటక లాంచీ కూడా వరద నీళ్లలోనే బయల్దేరింది. టికెట్ కొనే చోట అడగడానికి మొహమాటం వద్దు. ఈ రోజు గాలి ఎటు వీస్తోంది? దిగువన ఏముంది? ఎవరైనా పడితే తీయడానికి ఎవరు వస్తారు? లైఫ్ జాకెట్ బకిల్స్ బిగించాక భుజాల దగ్గర పట్టి పైకి లాగి చూడాలి. అది చెవుల దాకా వస్తే వదులుగా ఉన్నట్టే.

ఆప్తుల్ని పోగొట్టుకున్నవారి సంగతి, ప్రమాదం నుంచి బయటపడ్డవారి సంగతి పత్రికల్లో తక్కువగా కనిపిస్తుంది. హావర్‌ఫర్డ్‌వెస్ట్ మృతుల్లో చిన్న పిల్లలున్న తల్లిదండ్రులు ఉన్నారు. శిక్ష ఖరారయ్యే సరికి దాదాపు మూడున్నరేళ్లు పట్టింది. ఆ కాలమంతా ఆ కుటుంబాలు వింటూ వచ్చినది ఒకటే: ఇది జరగకుండా ఆపి ఉండవచ్చు. మామూలు దుఃఖంలో ఈ మాట ఉండదు. పక్కనే ఉండి బతికినవాళ్లను వేరే ప్రశ్న తినేస్తుంది. నేను చెయ్యి పట్టుకుని ఉంటేనో? మీరూ రండి అని నేనే పిలిచాను కదా? తాడు విసిరిన వాళ్లకూ శవాన్ని వెలికితీసిన గజ ఈతగాళ్లకూ కూడా అదే.

ఇలాంటివాళ్లతో చుట్టుపక్కలవాళ్లు తొందరపడి అనే మాట "విధి రాత, మర్చిపోండి" అని. తప్పు ఎక్కడ జరిగిందో తెలిసిన మనిషికి ఆ మాట ఊరట కాదు. జరిగింది జరిగినట్టు చెప్పనివ్వాలి, పదిసార్లు చెప్పినా వినాలి. నెల దాటినా నిద్ర పట్టకపోతే, నీళ్ల చప్పుడుకే ఉలిక్కిపడుతుంటే, పనులు సాగకపోతే అది మనోబలం లేకపోవడం కాదు, చికిత్స ఉన్న జబ్బు. మానసిక వైద్యులు దగ్గరలో లేకపోతే కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ నంబర్ 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.