కాకినాడ అఖాతానికి కాపలా ఎవరు?



కాకినాడ అనగానే మనకు కాజా గుర్తుకొస్తుంది గాని అఖాతం గుర్తుకు రాదు. రేవుకు ఎదురుగా సముద్రంలో హోప్ ఐలాండ్ అనే ఇసుక దీవి వుంది. గోదావరి తెచ్చిన ఇసుక రెండు వందల ఏళ్లుగా మేటవేసి, 16, 18 కిలోమీటర్ల పొడవున గోడలా నిలిచింది. ఆ దీవికీ ఒడ్డుకీ మధ్య వున్న నీళ్లే కాకినాడ అఖాతం. దానికి దక్షిణంగా కోరింగ మడ అడవులు. 1978లో ప్రభుత్వం వారు వాటిని అభయారణ్యంగా ప్రకటించారు. విస్తీర్ణం సుమారు 235 చదరపు కిలోమీటర్లు.

బురదలో పెరిగే చెట్లతో మనకేం పని అంటారా? మడచెట్టు వేళ్లు మేకులు దిగ్గొట్టినట్లు బురదలోంచి పైకి లేచి గాలి పీలుస్తాయి. ఆ వేళ్ల సందుల్లోనే రొయ్యపిల్లలు, పీతపిల్లలు, చేపపిల్లలు పెరిగి పెద్దవవుతాయి. వాటికి పురిటిల్లు సముద్రమైతే, ఉయ్యాల మడ అడవి. ఉయ్యాల తీసేస్తే మన వీధిలోకి వచ్చే చేపలబుట్ట ఖాళీయే. ఇక గాలివాన సంగతి. 1839 నవంబరులో వచ్చిన ఉప్పెన కోరింగ రేవుపట్నాన్ని ఊడ్చిపెట్టింది. మడ అడవి ఉప్పెనను ఆపేస్తుందని నేననను. కాని అలల జోరును మాత్రం విరుస్తుంది.

ఇంత తెలిసీ నేనొక పొరపాటు చేశాను. కొన్నేళ్ల కిందట మా మహిళామండలి వాళ్లం ఇరవై మందిమి బస్సు కట్టించుకుని, పులిహోర పొట్లాలతో ఒక మత్స్యకారుల పల్లెకు వెళ్లాం. ఖాళీగా కనిపించిన చోట మడమొక్కలు నాటాం. చెట్లు కొట్టవద్దని పల్లె ఆడవాళ్లకు చెప్పి, ఫోటో దిగి వచ్చేశాం. ఆరు నెలల తర్వాత వెళ్లి చూస్తే ఒక్క మొక్కా లేదు.

పీతలు ఏరుకుంటున్న ఒక పెద్దావిడ నన్ను చూసి నవ్వింది. "అమ్మగారూ, అక్కడ ఎక్కిన నీరు దిగదండి. ఉప్పు పేరిన నేలలో మొక్కెలా బతుకుద్దండి? ముందు మమ్మల్నడిగితే చెప్పేవోళ్లం గదండీ" అంది. తర్వాత మెల్లిగా, "పుల్లలు కొట్టొద్దన్నారు. మరి పొయ్యిలోకి ఏం పెట్టమంటారండి?" అంది. నా దగ్గర జవాబు లేదు.

ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం. చెట్లు నరికేసిన చోట నేల కుంగి పళ్లెంలా గుంట పడుతుంది. పోటునీరు అందులో నిలిచి, ఎండకు ఆవిరై, ఉప్పు మిగులుతుంది. 1997 నుంచి స్వామినాథన్ ఫౌండేషన్ వారు, అటవీశాఖవారు, గ్రామస్థులు కలిసి గోదావరి మడ అడవుల్లో దీనికొక ఉపాయం అమలు చేశారు. నడుమ పెద్ద కాలువ, దానికి రెండు పక్కలా ఏటవాలుగా పిల్లకాలువలు తవ్వారు. పైనుంచి చూస్తే అచ్చం చేపముల్లే. పోటుకు నీరు ఎక్కుతుంది, ఆటుకు దిగుతుంది, ఉప్పు కడుక్కుపోతుంది. ఆ కాలువల పక్క వాలులో నాటిన మొక్క నిలుస్తుంది.

కాలువ తవ్వితే చాలదు. పూడిక తీయాలి, పశువులు మేయకుండా చూడాలి. ఆ పని బస్సులో వచ్చి పోయేవాళ్ల వల్ల కాదు. అందుకే పల్లెల్లో పర్యావరణ అభివృద్ధి కమిటీలు, వన సంరక్షణ సమితులు పెట్టారు. అడవి మీద బతికేవాళ్లే అడవికి కాపలా అన్నమాట. జనవరి నుంచి ఆలివ్ రిడ్లీ తాబేళ్లు తీరానికి వచ్చి గుడ్లు పెట్టినప్పుడూ అంతే. ఒక్కొక్కటి నూరు గుడ్ల దాకా పెడుతుంది. రాత్రిళ్లు ఇసుకలో నడిచి, కుక్కలు, నక్కలు తవ్వకముందే వాటిని కంచెలోకి చేర్చేది ఆ వూళ్ల మనుషులే.

మరి పట్నంలో వున్న మనమేం చేయాలి? మొదట, చెప్పడానికి కాక అడగడానికి వెళ్లాలి. నీరెటు ఎక్కుతుందో, ఎటు దిగుతుందో వాళ్లకు తెలిసినట్లు మనకు తెలియదు. రెండోది, కమిటీ సమావేశం ఆడవాళ్లకు వీలైన వేళ పెట్టమని పట్టుబట్టాలి. తెల్లవారకుండా చేపల బుట్టతో సంతకు పోయిన మనిషి పది గంటల మీటింగుకు ఎలా వస్తుంది? పొయ్యి కష్టం ఆమెది. గ్యాసుబండో, సరుగుడు పుల్లో ఆమె ఇంటికి చేరే దారి చూడకుండా మడచెట్టు కొట్టవద్దనడం న్యాయం కాదు. మూడోది, ఏడాదికొక పండగలా కాక నెలనెలా వెళ్లాలి. తీరాన ప్లాస్టిక్ సంచులు, తెగిన వలముక్కలు ఏరడానికి చదువు అక్కర్లేదు, ఓపిక కావాలి.

ఆ మరుసటి ఏడు అటవీశాఖవారి అనుమతి తీసుకుని మళ్లీ వెళ్లాం. ఈసారి ఆ పెద్దావిడ ముందు నడిచింది, మేం వెనక నడిచాం. ఆవిడ చూపించిన కాలువ గట్టున నలభై మొక్కలే నాటాం. సగానికి పైగా చిగుళ్లు వేశాయి. ఫోటో మాత్రం ఎవరమూ దిగలేదు. చేతుల నిండా బురదే గదా!